రస్సెల్‌ని ఎవరూ పోగొట్టుకోలేదు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో వాన్ గో వెయ్యని వాన్ గో బొమ్మ ఒకటి ఉంది. ముదురు కోటు, ఎర్రగడ్డం, భుజం మీదుగా మనవైపు తిప్పిన ముఖం, నిలదీసే చూపు. కాన్వాసు పెద్దదేం కాదు, దాదాపు 60×46 సెంటీమీటర్లు. 1886లో పారిస్‌లో వేశారు. వేసినవాడు సిడ్నీలో పుట్టిన జాన్ పీటర్ రస్సెల్. అప్పటికి అతనికి 28 ఏళ్లు, ఎదురుగా కూర్చున్న విన్సెంట్‌కి 33.

రస్సెల్ గురించి ఎక్కడ చదివినా మూడు పరిచయాలే కనిపిస్తాయి: వాన్ గో స్నేహితుడు, ఫ్రెంచి చిత్రకారుడు మోనే పక్కన నిలబడి బొమ్మలేసినవాడు, ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్‌కి రంగుల పాఠం చెప్పినవాడు. ఆస్ట్రేలియావాళ్లు ఆ తర్వాత నాలుగోది తగిలించారు: ‘తప్పిపోయిన ఇంప్రెషనిస్టు’ (మోనేలాగా ఆరుబయట మారే వెలుగుని శుద్ధమైన రంగులతో పట్టేవాళ్లని ఇంప్రెషనిస్టులంటారు). మొదటి మూడూ నిజమే, కానీ మూడింట్లోనూ అసలు మనిషి వేరేవాడు. నాలుగోది మాత్రం సరికాదు. రస్సెల్ తప్పిపోలేదు. బొమ్మలు వేసి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ ఇల్లు ఫ్రాన్స్ పడమటి ఒడ్డున ఒక దీవిలో, కొండకొమ్మున ఉంది. పోయిందల్లా అతనికి రంగుల గురించి తెలిసిన సంగతి. అది ఇప్పటికీ దొరుకుతుంది. అతని జీవితకథలో వెతికితే దొరకదు, రంగుల పెట్టెలో వెతకాలి.

ముందు ఆ పెట్టెకి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో చూడాలి. రస్సెల్ 1858 జూన్ 16న సిడ్నీలోని డార్లింగ్‌హర్స్ట్‌లో పుట్టాడు. వాళ్ల ఇంటి వ్యాపారం ఇనుము. పి.ఎన్. రస్సెల్ అండ్ కంపెనీ అంటే ఆ రోజుల్లో సిడ్నీలో పేరున్న ఫౌండ్రీ. తండ్రి తోడబుట్టిన సర్ పీటర్ నికోల్ రస్సెల్ 1896లో ఒకసారి, 1904లో ఇంకోసారి, 50,000 పౌండ్ల చొప్పున సిడ్నీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ చదువుకి ఇచ్చాడంటే ఆ కుటుంబం ఎంత కలిగినదో అర్థమవుతుంది. కుర్రాణ్ణి కూడా ఇంజనీరునే చెయ్యాలని ఇంగ్లండ్‌లో లింకన్ పట్టణంలోని రోబీ కంపెనీలో అప్రెంటిస్‌గా పెట్టారు. 1879లో తండ్రి పోయాడు, ఆస్తి చేతికొచ్చింది. 1881 జనవరిలో రస్సెల్ లండన్‌లోని స్లేడ్ స్కూల్లో చేరాడు. 1883లో ఆస్ట్రేలియా చిత్రకారుడు టామ్ రాబర్ట్స్‌తోనూ, తర్వాత మెల్‌బోర్న్‌లో రాజకీయ నాయకుడైన డాక్టర్ విలియం మలోనీతోనూ కలిసి స్పెయిన్ అంతా కాలినడకన తిరిగాడు. ఆ తర్వాత పారిస్‌లో ఫెర్నాన్ కోర్మోన్ చిత్రశాలలో చేరాడు. అక్కడ తూలూజ్-లోత్రెక్, ఎమిల్ బెర్నార్, 1886లో వచ్చి చేరిన వాన్ గో అతని తోటి విద్యార్థులు.

వాన్ గో బొమ్మని ఇప్పుడు చూస్తే, దీన్ని వేసినవాడు నాలుగేళ్లలో గులాబి, ఆకుపచ్చ, నారింజ సముద్రాలు వేస్తాడంటే నమ్మబుద్ధి కాదు. నేపథ్యమంతా చీకటి. ముఖానికి ఒక పక్కనించే వెలుగు. పోలిక బాగా పట్టాడు, కానీ పద్ధతి కోర్మోన్ నేర్పినదే. విన్సెంట్‌కి ఈ బొమ్మంటే ప్రాణం. 1889 సెప్టెంబరులో సెయింట్ రెమీ ఆసుపత్రినుంచి తమ్ముడు థియోకి రాస్తూ, రస్సెల్ వేసిన నా బొమ్మని జాగ్రత్తగా చూసుకో అని ప్రత్యేకంగా చెప్పాడు.

ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. విన్సెంట్ రస్సెల్‌కి ఇంగ్లీషులో రాసేవాడు. 1888 జూన్‌లో ఆర్ల్ నుంచి రాసిన ఉత్తరంలో విత్తనాలు చల్లే రైతు బొమ్మ గురించి చెప్పాడు: పొలమంతా ఊదా, ఆకాశం సూర్యుడు బాగా పసుపు, ఇది కష్టమైన పని అని. ఊదా, పసుపు రంగుచక్రంలో ఎదురెదురు రంగులు. అంటే ఆ ఉత్తరంలో స్నేహితుల క్షేమసమాచారంతో పాటు పనివాళ్ల లెక్క కూడా ఉంది. ఆగస్టు మొదట్లో విన్సెంట్ తన ఆర్ల్ చిత్రాల్లోంచి 12 రేఖాచిత్రాలు చేసి రస్సెల్‌కి పంపాడు. వాటిలో కొన్ని ఇవాళ న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉన్నాయి. విన్సెంట్‌కి ఇందులో ఒక ఆశ కూడా ఉండేది: డబ్బున్న రస్సెల్, డబ్బుకి ఇబ్బంది పడుతున్న చిత్రకారుడు గోగాన్ వేసిన బొమ్మ ఒకటి కొంటాడని. రస్సెల్ కొనలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బొమ్మ చేతులు మారడం అవతలివాడికి ఎంత అవసరమో అతనికి ఎప్పుడూ తట్టలేదనిపిస్తుంది.

ఇక బెల్-ఈల్. బ్రిటనీ దక్షిణ తీరానికి ఎదురుగా, క్విబెరోన్ కొసకి అవతల ఉన్న దీవి. పొడవు 17 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడైనా 9 దాటదు. ప్రధాన భూమి వైపు ఒడ్డు మెత్తగా ఉంటుంది. అట్లాంటిక్ వైపు ఒడ్డుకి మాత్రం ‘అడవి తీరం’ అని పేరు: నల్లటి పలకరాళ్ల కొండలు, గుహలు, నీళ్లలోంచి సూదుల్లా లేచిన బండలు. 1886 సెప్టెంబరులో క్లాడ్ మోనే కెర్విలహువెన్ అనే పల్లెలో దిగి, పోర్-కోటోన్ బండలు వేస్తున్నాడు. అక్కడే ఉన్న రస్సెల్ ఒడ్డున పనిచేస్తున్న మనిషిని, ఆ బొమ్మ తీరుని చూసి గుర్తుపట్టి వెళ్లి పలకరించాడు. తనతోపాటు ఇంకొకణ్ణి నిలబడనివ్వడం మోనేకి సాధారణంగా ఇష్టం ఉండదు. రస్సెల్‌ని మాత్రం నిలబడనిచ్చాడు.

ఈ కలయిక గురించి రాసేవాళ్లంతా మోనే ఏం నేర్పాడన్నదగ్గర ఆగిపోతారు. మోనే వెళ్లిపోయాక ఏం మిగిలిందన్నది నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. మోనే ఉన్నది సుమారు పది వారాలు. దాదాపు 40 కాన్వాసులు మొదలుపెట్టాడు. రస్సెల్ 1888లో ఆ దీవిలోనే గుల్ఫార్ దగ్గర స్థలం కొని ఇల్లు కట్టుకుని, ఇరవై ఏళ్లు ఉన్నాడు. ఊళ్లోవాళ్లు ఆ ఇంటిని ‘ఇంగ్లీషాయన కోట’ అనేవాళ్లు.

పది వారాలకీ ఇరవై ఏళ్లకీ తేడా ఏమిటో సముద్రం ఒడ్డున బొమ్మ వేసే ఎవరికైనా తెలుస్తుంది. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ ఉదయం తొమ్మిదికి నీళ్లు బండ నడుము దాకా ఉంటే, రేపు అదే మట్టానికి వచ్చేసరికి పది కావస్తుంది. అప్పటికి ఎండ మారిపోతుంది, నీడ జరిగిపోతుంది. అదే గంటకి అదే మట్టం మళ్లీ కుదరాలంటే దాదాపు పదిహేను రోజులు ఆగాలి. ఆ రోజు మబ్బు పట్టిందా, ఇంకో పదిహేను రోజులు. అంటే పది వారాల్లో ఒక బొమ్మకి దక్కేవి ఐదు అవకాశాలు, వాటిలో సగం వానకి పోతాయి. మోనే ఒకేసారి అన్ని కాన్వాసులు తెరిచి పెట్టుకుని, చాలావాటిని ఇంటికి తీసుకెళ్లి పూర్తిచేసుకోవలసి రావడానికి ఇదొక కారణం. రస్సెల్‌కి ఆ తొందర లేదు. ఇరవై ఏళ్లలో అలాంటి పక్షాలు దాదాపు 500 వస్తాయి. వారసత్వపు డబ్బు అతనికి కొనిపెట్టిన అసలు వస్తువు ఇదే. ధనవంతుడి సరదా అని అతన్ని తీసిపారేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఇప్పుడు రంగుల పెట్టె తెరుద్దాం. మతీస్ తర్వాతి రోజుల్లో, నాకు రంగుల సిద్ధాంతం వివరించింది రస్సెల్ అని చెప్పుకున్నాడు. ఆ సిద్ధాంతానికి వేరు 1839లో మిషెల్ షెవ్రుల్ అచ్చువేసిన పరిశీలనల్లో ఉంది. షెవ్రుల్ పారిస్ గోబెలాన్ నేతశాలలో రంగుల అద్దకం చూసుకునే రసాయన శాస్త్రవేత్త. నల్ల నూలు సరిగా నల్లగా లేదని నేతగాళ్లు ఫిర్యాదు చేస్తే పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదు. పక్కన ఉన్న నీలం, ఊదా దారాలే ఆ నలుపుని పాలిపోయినట్టు చూపిస్తున్నాయి. ఏ రంగైనా తన పక్క రంగుని తన ఎదుటి రంగు, అంటే రంగుచక్రంలో తనకి ఎదురుగా ఉన్న రంగు వైపు నెడుతుంది. ఎరుపు పక్కన బూడిద రంగు పెడితే అది కొంచెం ఆకుపచ్చగా కనిపిస్తుంది. నారింజ పక్కన పెడితే నీలిగా కనిపిస్తుంది. మగ్గం మీద ఇది ఇబ్బంది. చిత్రకారుడికి ఇదే పెట్టుబడి: బండ నీడలో నలుపు కలపక్కర్లేదు, పక్కన ఎండ పడ్డ నారింజని సరిగ్గా పెడితే నీలం తనంతట తనే లోతెక్కుతుంది.

దీన్ని కాన్వాసు మీదికి తేవాలంటే రంగులు శుద్ధంగా ఉండాలి. ఆ తరం ఇంప్రెషనిస్టుల పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద ఏముండేదో, ఒక్కోదానితో ఎక్కడ దెబ్బ తింటామో చెప్తాను. కాడ్మియం పసుపు: కాడ్మియం సల్ఫైడ్, దట్టంగా కప్పుతుంది, నిదానంగా ఆరుతుంది. 19వ శతాబ్దపు సరుకులో కొన్నిరకాలు వెలుతురూ తేమా తగిలి తెల్లటి సల్ఫేట్‌గా మారి సున్నంలా పాలిపోయాయి. కోబాల్ట్ నీలం: మన్నికైనది, త్వరగా ఆరుతుంది, కానీ బలం తక్కువ. వేరే రంగులో చిటికెడు వేస్తే కనిపించదు. ఫ్రెంచ్ అల్ట్రామెరీన్: 1820ల చివర్లో ఫ్రాన్స్‌లో గిమే కృత్రిమంగా చేసింది. నూనెలో నూరితే తీగలు సాగుతుంది, రాయి మీద ఎక్కువసేపు నూరాలి. విరిడియన్: 1859లో గినే పేటెంట్ తీసుకున్న క్రోమియం ఆకుపచ్చ, లోపలికి వెలుతురు పోయే రంగు, మన్నిక గలది. ఎమరాల్డ్ గ్రీన్, ఫ్రెంచివాళ్లు వెరొనేజ్ ఆకుపచ్చ అనేది: రాగి, ఆర్సెనిక్ కలిసిన విషం. కాడ్మియం పసుపుతో కలిపితే సల్ఫైడ్ రాగిని పట్టుకుని కాలక్రమాన నల్లబడుతుంది. అలల్లోని ఆ మెరిసే లేత ఆకుపచ్చకి అంతకన్నా మంచిది అప్పట్లో లేదు, అందుకే తెలిసీ వాడారు. విడిగా, ఒక్క కుంచె దెబ్బగా పెట్టి వదిలేస్తే ప్రమాదం తగ్గుతుంది.

అన్నిటికన్నా చిక్కు ఎర్రటి లేక్ రంగులతో. లేక్ అంటే నీళ్లలో కరిగే అద్దకపు రంగుని పటికలాంటి తెల్లపొడి మీద పట్టించి చేసే రంగుపొడి. వీటిలో మేలైనది ఐరోపా మంజిష్ఠ వేరునుంచి తీసిన మాడర్ లేక్. అందులోని ముఖ్యమైన రంగు అలిజరిన్. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనిలో చిరివేరు ఎరుపు తెలిసినవాళ్లకి ఇది కొత్తది కాదు, చిరివేరులో ఉన్నదీ అలిజరినే, పట్టుకునేదీ పటికనే. 1868లో జర్మనీలో ఇదే పదార్థాన్ని తారునుంచి చేశారు. దీనికి చవక చుట్టం ఇయోసిన్ లేక్: మొదటిరోజు చూస్తే కళ్లు తిరిగేంత గులాబి, కొన్నేళ్ల వెలుతురుకి మాయం. వాన్ గో ఆర్ల్‌లో దాన్ని విరివిగా వాడాడు, అందుకే ఒకప్పటి ఊదా గోడలు, గులాబి పూలు ఇవాళ నీలంగా, తెల్లగా కనిపిస్తున్నాయి. ఏ లేక్ అయినా తెలుపులో పలచగా కలిపితే ఇంకా తొందరగా వెలుస్తుంది, ఎందుకంటే వెలుతురు తినడానికి అక్కడ ఉన్నదే కాస్తంత రంగు. సముద్రపు నురగలోని లేత గులాబి సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది.

ఈ పద్ధతి చేతికి రావాలనుకునేవాళ్లకి ఒక క్రమం ఇస్తున్నాను. 65×54 సెంటీమీటర్ల కాన్వాసు తీసుకోండి, ఫ్రెంచి లెక్కలో 15వ నంబరు. పూత తెల్లగానే ఉంచండి, గోధుమరంగు అడుగుపూత వద్దు. టర్పెంటైన్‌లో పలచన చేసిన కోబాల్ట్‌తో గీతలు గీయండి. కొండమీదినుంచి చూస్తున్నట్టు దిగంతరేఖని పైనుంచి ఐదోవంతులో పెట్టండి. ముందు బండల నీడలు వెయ్యండి: కోబాల్ట్ నాలుగు వంతులు, మాడర్ లేదా అలిజరిన్ ఒక వంతు. సమానంగా కలిపితే కోబాల్ట్ మునిగిపోయి వంకాయరంగు వస్తుంది. తర్వాత ఎండ పడ్డ బండ: కాడ్మియం నారింజ, కొంచెం తెలుపు. నీడకీ ఎండకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల తెల్లపూత వదిలెయ్యండి, రెండూ తడిమీద కలిశాయంటే ఆ అంచు బురదే. సముద్రానికి విరిడియన్, కోబాల్ట్, తెలుపు. ఒకే ముద్దగా కలపకుండా విడివిడి దెబ్బలుగా, 10 మిల్లీమీటర్ల బల్లపరుపు పందివెంట్రుకల కుంచెతో. దెబ్బ దిశ నీటి దిశలో ఉండాలి: అల లేచేచోట పైకి, వెనక్కి లాగేచోట అడ్డంగా. ఈ ఒక్క సంగతి పట్టించుకోకపోతే ఎంత మంచి రంగైనా గచ్చునేలలా కనిపిస్తుంది.

నురగ చివర్న. వట్టి తెలుపు ఎక్కడా వద్దు. ఎండలో తెలుపులో ఆవగింజంత కాడ్మియం పసుపు, నీడలో అంతే మాడర్. కిందున్న ఆకుపచ్చ తడిగా ఉండగా గులాబి వేస్తే ఎదుటి రంగులు రెండూ ఒకదాన్నొకటి చంపుకుని బూడిదవుతాయి. కాబట్టి నురగ కోసం ఇంకో రోజు రండి, లేదా కుంచెనిండా రంగు తీసుకుని ఒక్కసారి పెట్టి చెయ్యి ఎత్తెయ్యండి, తిరిగి ముట్టుకోకండి. తెలుపు కాక రెండు రంగులకి మించి కలపకండి. రంగు కుటుంబానికి ఒక కుంచె, కనీసం ఐదు. ఒక్కో కూర్చోవడం 40 నిమిషాలనుంచి గంట, ఆ తర్వాత మీరు వేసేది ఇందాకటి వెలుగు కాదు. గాలికి ఈజిల్ నిలవదు, కాళ్ల మధ్య తాడు కట్టి బండరాయి వేలాడదియ్యండి. ఇప్పటి దుకాణంలో కొనేటప్పుడు ట్యూబు మీద పీఆర్ 83 అని ఉన్న అలిజరిన్ తీసుకోకండి, అది వెలిసిపోతుంది. పర్మనెంట్ అలిజరిన్ అనేది తీసుకోండి. అప్పటివాళ్ల సీసపు తెలుపు బదులు టైటానియం వాడితే సగమే వాడండి, అది పక్క రంగులన్నిటినీ సుద్దలా చేస్తుంది. జింక్ తెలుపు లేతరంగుల్లో అందంగా ఉంటుంది గాని, ఎక్కువైతే పొర పెళుసెక్కి పగులుతుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, 1896, 1897 వేసవుల్లో మతీస్ బెల్-ఈల్‌కి వచ్చినప్పుడు అతనికి దొరికింది ఇలాంటిదే అయ్యుండాలి. అప్పటి మతీస్ బొమ్మలు చూడండి: లూవ్ర్‌లో పాత డచ్చి చిత్రాలు నకలు చేసిన చెయ్యి, బూడిద, గోధుమ. ఆ రెండు వేసవుల తర్వాత పాలెట్ తెరుచుకుంది. దానికి ‘రస్సెల్ సిద్ధాంతం చెప్పాడు’ అంటే సరిపోదు. షెవ్రుల్ పుస్తకం అప్పటికి ఆరు దశాబ్దాలుగా పారిస్‌లో దొరుకుతూనే ఉంది. సిద్ధాంతం తెలియక కాదు మతీస్ బూడిదరంగులో ఉండిపోయింది. ఏ రంగు పక్కన ఏది పెట్టాలి, ఎప్పుడు చెయ్యి ఆపాలి అన్నది ఒక మనిషి తడిరంగుతో చేసి చూపించాలి. రస్సెల్ తన దగ్గరున్న వాన్ గో రేఖాచిత్రాల్లో ఒకటి మతీస్‌కి ఇచ్చేశాడు కూడా. 1905లో పారిస్ జనాన్ని ఉలిక్కిపడేట్టు చేసిన, మతీస్, అతని తోటివాళ్లు వాడిన ‘ఫోవ్’ రంగుల వెనక వేరే కారణాలు చాలా ఉన్నాయి. కానీ వాన్ గో నుంచి మతీస్‌కి నడిచిన దారిలో ఒక మజిలీ గుల్ఫార్ ఇంట్లో ఉందన్నది కాదనలేం.

మరి ఆ పాఠం అతని సొంతదేశానికి ఎందుకు చేరలేదు? రస్సెల్ టామ్ రాబర్ట్స్‌కి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. రాబర్ట్స్ 1885లో ఆస్ట్రేలియా తిరిగొచ్చాడు. 1889 ఆగస్టులో అతనూ, స్ట్రీటన్, కాండర్, మిగతావాళ్లూ మెల్‌బోర్న్‌లో చేసిన ప్రదర్శన ఆ దేశపు కళాచరిత్రలో మైలురాయి: 183 చిన్న చిత్రాలు, చాలావరకు సిగార్ పెట్టెల మూతల మీద, తొమ్మిది అంగుళాల పొడవు, ఐదు అంగుళాల వెడల్పు. బాగా చూస్తే వాటి బలం రంగు కాదు, వెలుగు-చీకటి తూకం. లండన్‌లో పనిచేసిన అమెరికన్ చిత్రకారుడు విస్లర్ నుంచి వచ్చిన బూడిద, మీగడరంగు, ఆ చెక్కపలక గోధుమ. ఎదుటి రంగుల్ని చీల్చి పక్కపక్కన పెట్టే ఫ్రెంచి పని అక్కడ లేదు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియన్లలో ఆ పని గట్టిగా చేసినవాడు రస్సెల్. ఉత్తరంలో కాడ్మియం అని రాస్తే కాడ్మియం పక్కన నీలం ఎలా కదులుతుందో తెలియదు. అక్కడికి వెళ్లాల్సింది మాట కాదు, ఒక కాన్వాసు. పడవలో చుట్టి పంపితే సరిపోయేది. పంపలేదు.

ఇక్కడే నేను రస్సెల్ అభిమానులతో విభేదిస్తాను. దూరం వల్ల, చరిత్ర చేసిన అన్యాయం వల్ల అతను మరుగున పడ్డాడంటారు. దూరం వాన్ గోకి కూడా ఉంది, ఆర్ల్ నుంచి చుట్టలు చుట్టలుగా కాన్వాసులు థియోకి వచ్చేవి. మోనేకి బొమ్మలమ్మే వ్యాపారి డ్యూరాన్-ర్యుయెల్ ఉన్నాడు, అమ్మకం లేకపోతే ఇల్లు గడవదు. అవసరం వాళ్లచేత బొమ్మల్ని బయటికి పంపించింది. రస్సెల్‌కి ఆ అవసరం లేదు. ప్రదర్శనలకి పంపడం అరుదు, అమ్మడం ఇంకా అరుదు. దీన్ని వినయం అంటే నేను ఒప్పుకోను. బొమ్మ ఇంటి గోడ మీద ఉన్నంతకాలం దాని తప్పు చెప్పేవాడు లేడు, దాన్నుంచి నేర్చుకునేవాడూ లేడు. బయటి కన్ను పడకపోవడం పనిలో కూడా కనిపిస్తుంది. తుఫాను సముద్రాల్లో, బెల్-ఈల్ తీరంలోని మోరెస్తిల్ బండల్లో చెయ్యి ఎంత ధైర్యంగా ఉంటుందో, కొన్ని మనుషుల బొమ్మల్లో అంతే బరువుగా, పూర్తిచెయ్యాలా వద్దా అని తడబడుతూ ఉంటుంది. మినహాయింపులున్నాయి. 1900లో వేసిన ‘మోనామీ పోలిత్’ అందులో ఒకటి. పోలిత్ అనే ఆ బెస్తవాడే 1886లో మోనే సామాను మోసినవాడు, మోనే కూడా అతని ముఖం వేశాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే పద్నాలుగేళ్లలో రస్సెల్ ఎవరి నీడలోంచి బయటికొచ్చాడో తెలుస్తుంది.

అతని ఇంట్లో పనికి నిజమైన తోడు మరియానా మత్తియోకో. ఇటలీ నుంచి పారిస్ వచ్చి, ఫ్రెంచి శిల్పి రోడాన్‌కి కూడా మోడల్‌గా నిలబడిన మనిషి. 1888 ఫిబ్రవరిలో పెళ్లి. రస్సెల్ అడిగితే రోడాన్ ఆమె తల విగ్రహం చేశాడు, దాన్ని వెండిలో పోతపోశారు. ఐదుగురు కొడుకులు, ఒక కూతురు. 1907లో గుల్ఫార్ తోటలో పూల మధ్య మరియానా నిలబడ్డ బొమ్మ వేశాడు, ఇప్పుడది బ్రిటనీలోని మొర్లే మ్యూజియంలో ఉంది. అందులో మనిషికీ పూలకీ మధ్య గీత చెరిగిపోయింది, ఆమె కూడా రంగు దెబ్బల్లో ఒకటిగా నిలబడింది. మరుసటి ఏడాది ఆమె కేన్సర్‌తో పోయింది. దీవిలోనే పాతిపెట్టారు. ఆ దుఃఖంలో రస్సెల్ తన బొమ్మలు 400 దాకా నాశనం చేశాడు.

400 అంటే ఎంతో ఊహించడానికి, మోనే బెల్-ఈల్‌లో మొదలుపెట్టినవన్నీ కలిపినా దానికి పదోవంతు. అప్పటికి వాటిలో సగమైనా అమ్ముడుపోయి ఎవరి గోడలకో వేలాడుతూ ఉండి ఉంటే, ఆ రోజు అతని చేతికి అందేవి కావు. నీ పని నిలుస్తుంది, ఒకనాడు నిన్ను మోనే, రెన్వార్, వాన్ గోల సరసన పెడతారన్న అర్థంలో రోడాన్ అతనికి రాశాడు. రాసినవాడు మాట వరసకి అనే మనిషి కాదు. పెట్టడానికి బొమ్మలు ఉండాలి కదా.

తర్వాతి ఇరవై రెండేళ్లు త్వరగా చెప్పేయవచ్చు. దీవి వదిలేశాడు. మధ్యధరా తీరం వెంబడి తిరుగుతూ నీటిరంగులు వేశాడు, వాటిలో కొన్ని నూనెరంగుల కన్నా తేలిగ్గా, ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఉంటాయి. 1912లో ఒక అమెరికన్ గాయనిని పెళ్లిచేసుకున్నాడు. 1920ల మొదట్లో సిడ్నీకి తిరిగొచ్చి, వాట్సన్స్ బే దగ్గర బెస్తవాళ్ల ఇల్లు ఒకటి తీసుకుని సముద్రం పక్కనే ఉన్నాడు. 1930 ఏప్రిల్ 22న, బరువైన రాళ్లు ఎత్తాక గుండె ఆగి పోయాడు. దేశంలో దాదాపు ఎవరికీ తెలియదు. అతని బంధువు, తనూ చిత్రకారిణి అయిన థియా ప్రోక్టర్ మాత్రం అతని పని విలువ గురించి చెబుతూ ఉండేది. లండన్ నేషనల్ గ్యాలరీ 2016-17లో ఆస్ట్రేలియా ఇంప్రెషనిస్టుల ప్రదర్శన పెట్టినప్పుడు రాబర్ట్స్, స్ట్రీటన్, కాండర్‌లతో పాటు నాలుగోవాడు రస్సెల్. 2018లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీ అతని ఒక్కడి పనితోనే పెద్ద ప్రదర్శన చేసింది.

ఆ సిడ్నీ గ్యాలరీ సేకరణలో అతని బొమ్మలు ఉన్నాయి. మోరెస్తిల్ తుఫాను సముద్రం ముందు మొదట మూడు మీటర్ల దూరంలో నిలబడండి. నీళ్లు కదులుతాయి. తర్వాత అర మీటరు దాకా వెళ్లి నురగ నీడల్లో గులాబి వెతకండి. ఫ్రేము అంచు కింద, వెలుతురు పడనిచోట, వెలిసే ఎరుపు కొంచెం గట్టిగా మిగిలి ఉండవచ్చు, కానీ అది మనకి కనిపించదు. ఆ తేడా ఎంతో ఊహించి, మిగతా బొమ్మంతటికీ మనసులో అంత ఎరుపు కలుపుకుని చూడాలి.

ఆమ్‌స్టర్‌డామ్ బొమ్మ కూడా అలాగే చూడాల్సింది. విన్సెంట్ తల పైన, ఇప్పుడు వట్టి చీకటి కనిపించేచోట, రస్సెల్ ఒకప్పుడు ఎర్రటి అక్షరాలతో విన్సెంట్ పేరు, స్నేహంతో అన్న మాట రాశాడు. మామూలు కంటికి ఇప్పుడవి ఆనవు. మ్యూజియంవాళ్లు పరికరాలతో పరీక్షించాకే బయటపడ్డాయి.